కలిపింది లేదు, తీసింది లేదు

ఆయన అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా లేదు. ఆఫీసులో, వీధిలో, ఆఖరికి ఇంట్లో భార్య నోట కూడా ఆయన యథాతథం గారే. పోలీసు రికార్డుల ఆఫీసులో నకళ్ల గుమాస్తా. అదే ఆఫీసు మెట్ల కింద నాకో బల్ల, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు ఉన్నాయి. జనం చెప్పుకునే గోడు విని దాన్ని దరఖాస్తుగా కొట్టివ్వడం నా పని. పైకెక్కేవాళ్లూ కిందికి దిగేవాళ్లూ నా నెత్తిమీదుగానే నడవాలి కాబట్టి ఎవరి అడుగు ఎవరిదో నాకు తెలుసు. యథాతథం గారి విషయంలో అడుగు వినక్కర్లేదు. ముందు ఆయన గొంతు దిగుతుంది, కాసేపటికి మనిషి దిగుతారు.

గొంతు బాగుంటుంది, అబద్ధమెందుకు. నిండుగా, బరువుగా ఉంటుంది. ఆ సంగతి ఆయనకు తెలియడమే వచ్చిన చిక్కు. ఎండ మాడ్చేస్తున్నా మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకునే తిరుగుతారు. సంచిలో ఎప్పుడూ వేడినీళ్ల ఫ్లాస్కు. చల్లనివి తాగరు, పులుపు ముట్టరు, గట్టిగా నవ్వరు, కోపం అసలే తెచ్చుకోరు. అవేవీ గొంతుకు పడవట. అరటిపళ్లు కొనడానికి వెళ్లినా "డజను... ఎంత... నాయనా" అంటూ మాటకూ మాటకూ మధ్య ఒక మనిషి దూరేంత సందు వదులుతారు. పళ్లవాడు ఆ సందులో ఇంకో ఇద్దరికి బేరం తెంచి పంపేస్తాడు.

కుర్రతనంలో రేడియోలో వార్తలు చదవాలని వెళ్లారట. "గొంతు బంగారమండీ, కాకపోతే మీరు చదివి ముగించేలోపు వార్త పాతబడిపోతుంది" అని సాగనంపారు. తర్వాత బస్టాండులో మైకు ముందు కూర్చోబెట్టారు. ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో ఆయన మొదలుపెట్టినప్పుడు బస్సు ఉండేది, ముగించేసరికి ఉండేది కాదు. బస్సు తప్పిపోయినవాళ్లు మూటాముల్లెతో మైకు గది మీదికి రాబోతే వెనక తలుపులోంచి తప్పించుకున్నారు. ఆ మర్నాటితో అక్కడి కొలువు ముగిసింది. అలా తిరిగి తిరిగి, పరీక్ష రాసి, ఈ ఆఫీసులో పడ్డారు.

ఇక్కడి పద్ధతి కాస్త చెప్పాలి. మా పోలీసులు ఛాతీ మీద కెమెరా తగిలించుకుని తిరుగుతారు. అందులో పడిన బొమ్మా మాటా ప్రజలవే, ఎవరైనా దరఖాస్తు పెట్టుకుని నకలు తీసుకోవచ్చు అని చట్టం వచ్చింది. మంచి చట్టం. మంచి చట్టం వచ్చినప్పుడల్లా దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో మా ఆఫీసుకు బాగా తెలుసు. నకలు కోర్టులో చెల్లాలంటే ధ్రువీకరణ కావాలన్నారు. వీడియో మీద ముద్ర గుద్దలేరు కాబట్టి గుమాస్తా నోటితో ధ్రువీకరించాలన్నారు. ఆయన పలకాల్సింది ఇది: "పోలీసు శాఖ దృశ్య శ్రవణ రికార్డుల విభాగం ధ్రువీకరించడమేమనగా, ఇది అసలు ప్రతికి యథాతథమైన నకలు. ఇందులో కలిపింది లేదు, తీసింది లేదు."

మొదట్లో ఈ ప్రకటన విడిగా, వీడియోకు ముందు వచ్చేదట. ఒకరోజు ఎవరో లాయరు లేచి, "నకలు అసలుకంటే పొడుగుందేమిటి, ఈ ఎక్కువది ఎక్కడినుంచి వచ్చింది?" అని అడిగాడు. పైవాళ్లు హడలిపోయారు. నకలు అసలుకంటే రెప్పపాటు కూడా పొడుగుండకూడదని ఒక ఉత్తర్వు పుట్టింది. ప్రకటన మాత్రం మొదట్లోనే ఉండి తీరాలన్న పాత ఉత్తర్వు చావలేదు. రెండింటికీ సంధి కుదర్చడానికి ఏం చేశారంటే, వీడియో మొదట్లో ఉన్న శబ్దాన్ని తుడిచి ఆ చోట ప్రకటన పెట్టారు. అంటే, కలిపింది లేదని చెప్పడానికి కలిపారు, తీసింది లేదని చెప్పడానికి తీశారు. ఇంత చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ ఇది తట్టలేదా అని మీరడగొచ్చు. తట్టడం అనేది ఆ ఆఫీసులో ఎవరి డ్యూటీలోనూ రాసిలేదు.

యథాతథం గారికి ముందున్న గుమాస్తా ఆ ప్రకటనను ముక్కుతో ఒక్క గుక్కలో చదివి పారేసేవాడు. వీడియోలో పోలీసు ఇంకా జీపు తలుపు తీస్తుండగానే అయిపోయేది. పోయిన మాట ఏదీ ఉండేది కాదు. ఈయన వచ్చాక కథ మారింది. "పోలీసు" దగ్గర ఒక ఊపిరి, "శాఖ" దగ్గర ఇంకొకటి. "ధ్రువీకరించడమేమనగా" అన్న మాటను ఆయన మెట్టు మెట్టుగా ఎక్కించి, పైన కాసేపు నిలబెట్టి, మళ్లీ జాగ్రత్తగా దించేవారు. వీధిలో పిల్లలు ఆయన్ను చూస్తే చాలు "కలిపింది... లేదూ" అని దీర్ఘం తీసేవాళ్లు. ఆయన దాన్ని వెక్కిరింత అనుకోలేదు. అభిమానం అనుకుని తలూపేవారు.

ఆయన భార్య పక్క సందులో బట్టలు కుడుతుంది. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడు నా బల్ల దగ్గర కాసేపు కూర్చుంటుంది. ఆవిడ నోటిముందు కుట్టుమిషను దిగదుడుపే. "ఫోనులో ఆ గొంతు విని పడిపోయానే అమ్మాయ్! 'నువ్వంటే నాకిష్టం' అని ఆయన ముగించేలోపు మా నాన్న పెళ్లి ఖాయం చేసేశాడు, నేను వద్దనడానికి కూడా టైము లేకపోయింది" అని ఒకసారి చెప్పింది. పైనుంచి యథాతథం గారి గొంతు మెట్లు దిగుతుంటే, "అదిగో, ముందుమాట వస్తోంది" అని క్యారేజీ సర్దేది.

ఇంతవరకూ నేనూ నవ్వినదాన్నే. మా పిన్ని కేసు వచ్చేదాకా.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. అరవై దాటాయి. బస్టాపు మూల మీద తోపుడు బండి పెట్టుకుని కోడిగుడ్లు అమ్ముతుంది. ఆ మూల ఎస్సైగారి బావమరిదికి నచ్చింది, జ్యూస్ కొట్టు పెట్టుకుందామని. ఒకరోజు పొద్దున్నే ఎస్సై, ఆయన వెంట ఒక కానిస్టేబులు వచ్చి బండి రోడ్డుకు అడ్డంగా ఉందన్నారు. పిన్ని, "పక్కకి లాక్కుంటాను బాబూ, ఒక్క క్షణం ఆగండి" అంది. ఆ క్షణంలోనే బండి తలకిందులైంది. గుడ్లన్నీ రోడ్డు మీద పగిలాయి. బండి తోసిన కానిస్టేబులు ఆ జిడ్డులోనే కాలేసి జర్రున జారి వెల్లకిలా పడ్డాడు. మణికట్టు విరిగింది. "నన్ను తోసేసింది!" అని పడుకునే అరిచాడు. మొగుణ్ని కొట్టి మొగసాలకెక్కడం అంటే వినడమే గానీ, పడుకుని ఎక్కడం నేనెక్కడా వినలేదు.

డ్యూటీలో ఉన్న పోలీసు మీద చెయ్యి చేసుకుందని పిన్ని మీద కేసు పెట్టారు. రుజువైతే జైలు. జైలుకు వెళ్లొస్తే బండికి లైసెన్సు ఇవ్వరు. పిన్నికి ఆ బండి తప్ప ఇంకో ఆధారం లేదు.

"నేను విన్నానే" అంది పిన్ని, నా బల్ల ముందు కూర్చుని. "ఎస్సై కానిస్టేబులు వైపు తిరిగి చెప్పాడు. 'నువ్వు తోసెయ్. అడిగితే తనే తిరగబడిందని రాద్దాం' అన్నాడు. నా చెవులారా విన్నాను."

"ఆ మాట కెమెరాలో ఉంటే గెలిచినట్టే. లేకపోతే ఆవిడ మాటకీ ఎస్సై మాటకీ పోటీ, ఎవరు గెలుస్తారో మీకు తెలుసు" అన్నాడు మా లాయరు.

కెమెరా కానిస్టేబులు ఛాతీ మీదే ఉంది. పడ్డాక కంగారులో మీట నొక్కాడట. అయితే ఆ కెమెరాకో మంచి గుణం ఉంది. మీట నొక్కకముందు జరిగిన అర నిమిషాన్ని కూడా తనంతట తనే దాచుకుంటుంది. అది వాళ్లు మర్చిపోయారు. మేం మర్చిపోలేదు. పిన్ని పేరు మీద నేనే దరఖాస్తు కొట్టాను. నకలు రాగానే ఇద్దరం కంప్యూటరు ముందు కూర్చున్నాం.

మొదట పిన్ని మొహం కనబడింది, ఏదో బతిమాలుతోంది. వినబడింది మాత్రం యథాతథం గారు. "పోలీసు... శాఖ..." ఎస్సై కెమెరా వైపు తిరిగాడు. పెదాలు కదులుతున్నాయి. "ధ్రువీకరించ... డమేమనగా..." ఒక చెయ్యి బండి మీద పడింది, ఎవరిదో సరిగ్గా తెలియదు, బొమ్మంతా ఊగిపోయింది. పిన్ని చేతులు రెండూ ముందుకు చాచి కనబడ్డాయి. అవి గుడ్ల అట్టలు పట్టుకుందామని చాచిన చేతులు. పోలీసుల లెక్కలో అవి తోసిన చేతులు. "కలిపింది... లేదు..." కెమెరాలో ఆకాశం వచ్చింది. "తీసింది... లేదు" అని ఆయన ముగించాక, మొట్టమొదటగా మాకు వినబడిన అసలు మాట, "నన్ను తోసేసింది!"

పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత, "గొంతు బాగుందే" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మెట్లు రెండేసి ఎక్కి పైకి వెళ్లాను. యథాతథం గారు అద్దాల గదిలో వేడినీళ్లు పుక్కిలిస్తున్నారు.

"సార్, మా పిన్ని నకలు విన్నాను."

ఆయన మొహం వెలిగింది. "విన్నావా! చివర ఆ 'లేదు' దగ్గర దించాను చూడు, దానికి చాలా కష్టపడ్డానమ్మాయ్."

"మా పిన్నిని జైల్లోకి దించారు సార్!" అన్నాను. ఉన్నదంతా చెప్పేశాను. నా గొంతుకు మఫ్లరు లేదు కాబట్టి గదులన్నిటికీ వినబడింది.

ఆయన తెల్లబోయారు. "నేను... బొమ్మ సరిపోయిందో లేదో... చూస్తానమ్మా. శబ్దం ఆపేసి చూస్తాను. వేరేవాళ్ల గొంతులు వింటే... నా పట్టు చెదురుతుంది."

శబ్దం ఆపేసి, శబ్దం సరిగ్గా ఉందని ధ్రువీకరిస్తున్నారన్నమాట, ఇన్నేళ్లుగా! "ఇప్పుడు వినండి" అన్నాను. "అసలుది మీ దగ్గరే ఉందిగా. వినండి."

ఆయన హెడ్‌ఫోను పెట్టుకున్నారు. నేను గది బయట నిలబడి అద్దంలోంచి చూస్తున్నాను. విన్నారు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నారు. హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, బయటకు వచ్చి, నా మొహం చూడకుండా, "ఉన్నాయమ్మా. మీ పిన్ని చెప్పిన మాటలే" అన్నారు. ఆ ఒక్కసారికీ గొంతులో సోకు లేదు.

ఇద్దరం రికార్డుల అధికారి దగ్గరకు వెళ్లాం. ఆయనది చల్లని గది, చల్లని మనిషి. అంతా విని, "అయితే ఇప్పుడేం చేద్దామంటారు? మళ్లీ ధ్రువీకరిస్తే మొదటిది తప్పని ఒప్పుకున్నట్టేగా? మన ఆఫీసులో తప్పు జరిగిన దాఖలా లేదు" అన్నాడు.

"ఇవాళ జరిగింది కదా సార్" అన్నాను.

"దాఖలా లేదు" అన్నాడు మళ్లీ.

కిందికి దిగి నా కుర్చీలో కూలబడ్డాను. ఎంతమంది గోడో దరఖాస్తుగా మార్చినదాన్ని, సొంత పిన్నికి దారి దొరకలేదు. అప్పుడు వెలిగింది. రికార్డు ప్రజలది అన్నారు. పిన్నే అడగాలని ఎక్కడా లేదు. ఎవరడిగితే వాళ్లకు వేరే నకలు, ప్రతి నకలుకూ కొత్త ప్రకటన. వెంటనే నా పేరు మీద దరఖాస్తు కొట్టి పైకి పంపాను. పాతదాన్ని దిద్దమని అడగలేదు కాబట్టి, అధికారి కాదనలేక సంతకం పెట్టాడు.

ఇక మిగిలింది యథాతథం గారి నోరు. ప్రకటనలో ఒక్క మాట తగ్గకూడదు, వీడియో మొదట్లోనే ఉండాలి. ఎస్సై నోరు తెరవకముందు పిన్ని బతిమాలే కాస్త వ్యవధి ఉంది. అంతలో మొత్తం చెప్పేయాలి. పాత గుమాస్తా అయితే చెప్పి, ఆవలించి కూడా ఉండేవాడు.

"తొందరగా చదవాలి సార్, అంతే" అన్నాను.

ఆయన మఫ్లరు సవరించుకున్నారు. "కోర్టులో... నలుగురూ వింటారమ్మాయ్. పేరున్న గొంతు ఇది. దాన్ని... గొర్రెల్ని తోలినట్టు..."

"మా పిన్నిని తోలుకుపోతారు సార్!"

ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం వేరు, చెయ్యడం వేరు. మధ్యాహ్నాలు మెట్ల కింద సాధన మొదలైంది. నేను గడియారం పట్టుకుంటే ఆయన పరుగు లంకించుకునేవారు. "పోలీసుశాఖ" దాకా బాగానే పరిగెత్తి, "దృశ్య" దగ్గర అలవాటుగా ఆగి ఊపిరి పీల్చేవారు. ఒకసారి ఆపకుండా పోయారు గానీ సగంలో దగ్గు వచ్చింది. ఇంకోసారి "తీసింది" తర్వాత "లేదు" అనకుండానే గుక్క అయిపోయింది. "ఆ మాటొక్కటే నిజం సార్, కానీ అలా వదిలేస్తే చెల్లదు" అన్నాను.

క్యారేజీ తెచ్చిన ఆయన భార్య ఇదంతా నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది. "ఏవండీ, తొందర అనేది నోట్లోంచి రాదండీ, కడుపులోంచి వస్తుంది. నేనెలా మాట్లాడుతున్నాను? జాకెట్టు బిగువైందని ఒకావిడ, వదులైందని ఇంకొకావిడ, పొద్దున్నుంచీ మంట. కోపం తెచ్చుకోండి, అదే వస్తుంది" అంది.

"కోపం... గొంతుకు..."

"మీ గొంతు తగలెయ్య!" అంది ఆవిడ.

అదే సమయానికి పిన్ని వచ్చింది. బండి పోలీసుల దగ్గరే ఉంది కాబట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుని నిలబడింది. ఆయన అవస్థ కాసేపు చూసి, నాతో అంది: "పోనీలేవే. ఎందుకు పాపం ఆయన్ని హింసపెడతావు? అంత మంచి గొంతు నాకోసం పాడుచేసుకోవడమేమిటి? మూడు నెలలో ఆరు నెలలో నేనే పోయొస్తాను. అన్నయ్యగారూ, మీరేం బాధపడకండి. మీరు చదివిందే బాగుంది."

వెటకారం కాదది. మనస్ఫూర్తిగా అంది. నేను నా జన్మలో ఎన్నో తిట్లు విన్నాను గానీ ఇంత బలమైనది వినలేదు. యథాతథం గారు పిన్ని వైపు చూశారు. ఆయన మెడ దగ్గర ఎర్రబడటం మొదలై చెవులదాకా పాకింది. లేచి నిలబడి, "మీరెందుకమ్మా వెళ్లాలి? తోసింది వాళ్లు, కప్పింది నేను, మీరెందుకు వెళ్లాలి?" అన్నారు. మధ్యలో ఒక్క సందు కూడా లేదు. అలాగే మెట్లెక్కి వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే నకలు నా చేతికి వచ్చింది.

విచారణ రోజున కోర్టు గది నిండిపోయింది. ఎస్సై ఇస్త్రీ మడత నలగకుండా ముందు వరసలో కూర్చున్నాడు. కానిస్టేబులు చేతికి పట్టీతో గోడకు ఆనుకున్నాడు. యథాతథం గారి భార్య షాపు మూసేసి వచ్చింది. ఆయన వెనక బెంచీలో తల వంచుకుని ఉన్నారు.

వీడియో పెట్టారు. "పోలీసుశాఖదృశ్యశ్రవణరికార్డులవిభాగం" అని కీచుగా, ఎగశ్వాసతో, మెడ పట్టుకున్న కోడిలా ఒక గొంతు మొదలైంది. మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గది గదంతా గొల్లుమంది. జడ్జిగారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఎస్సై అయితే తొడ మీద చరుచుకుని మరీ నవ్వాడు. "కలిపిందిలేదుతీసిందిలేదు" అని ఆ గొంతు పడిపోయింది. నవ్వులు ఇంకా ఆగలేదు. ఆ నవ్వుల మధ్యలో స్పీకర్లోంచి ఎస్సై గొంతు స్పష్టంగా వచ్చింది: "నువ్వు తోసెయ్. అడిగితే తనే తిరగబడిందని రాద్దాం."

జడ్జిగారు మళ్లీ పెట్టమన్నారు. రెండోసారి ఎవరూ నవ్వలేదు.

పిన్ని మీద కేసు కొట్టేశారు. సాయంత్రానికి బండి తెచ్చుకుంది. చక్రం ఒకటి వంకరపోయింది, దాన్ని సరిచేయించుకుని మర్నాడు అదే మూల మీద నిలబడింది. యథాతథం గారికని గుడ్లు తీసుకొస్తే, అవి గొంతుకు వేడి చేస్తాయని ఆయన వద్దన్నారు. ఆవిడ నొచ్చుకోవడం చూసి రెండు తీసుకున్నారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కంచే చేను మేస్తే కంచెను ఎవరూ పీకరు, కనిపెట్టినవాణ్ని పీకుతారు. ఎస్సైని ఆరోగ్యం దృష్ట్యా ఇంకా మంచి చోటికి మార్చారు. విచారణ మాత్రం యథాతథం గారి మీద జరిగింది. ప్రభుత్వ ప్రకటనను గౌరవం లేకుండా, నవ్వులపాలయ్యే రీతిలో చదివారన్నది నేరం. ఆయన్ను కింది అంతస్తులో పాత కుర్చీలూ బల్లలూ పెట్టే గోదాముకు వేశారు. ఆ వెంటే కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ప్రకటన గంభీరంగా, స్పష్టంగా, అర నిమిషానికి తగ్గకుండా ఉండాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అర నిమిషమే ఎందుకో కెమెరా సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మనుషులతో పేచీ అని ఈసారి మిషన్‌కే అప్పజెప్పారు. గంభీరమైన గొంతుకోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. యథాతథం గారి పాత నకళ్లలో అన్నిటికంటే నిదానంగా ఉన్న ప్రకటనను ఏరి మిషన్‌లోకి ఎక్కించారు. ఆయనకు నచ్చిన ఆ "లేదు"తో సహా. ఇప్పుడు ఊళ్లో ఏ పోలీసు వీడియో నకలు తీసినా మొదటి అర నిమిషం ఆయనదే.

నిజం చెప్పాలంటే మొదటి వారం ఆయన లోలోపల మురిసిపోయారు. "నేను పోయినా... ఉంటుందమ్మాయ్" అన్నారు నాతో. "ఆ ఉండేది ఎవరి నోటి మీదండీ?" అని ఆయన భార్య పెట్టిన చీవాట్లకు క్యారేజీలోని అన్నం చల్లారిపోయింది.

మొన్న ఒక లారీ డ్రైవరు నా దగ్గరకొచ్చాడు. కొడుకును ఏదో గొడవలో స్టేషనుకు తీసుకెళ్లారు. అక్కడ మెట్లమీదనుంచి పడి చనిపోయాడని కబురు చేశారు. ధ్రువీకరించిన నకలు ఫోనులో ఉంది, దాన్ని నా బల్ల మీద పెట్టి చూపించాడు. ఒక వరండా, మెట్లు, పాతికేళ్ల కుర్రాడు. కుర్రాడు కెమెరా వైపు చూసి ఏదో చెబుతున్నాడు, చేతులు జోడిస్తున్నాడు, మళ్లీ చెబుతున్నాడు. దానిమీద "ధ్రువీకరించ... డమేమనగా..." అని నిండైన గొంతు నడుస్తోంది. ప్రకటన ముగిసేసరికి కుర్రాడు మెట్ల కింద పడి ఉన్నాడు. ఆ తర్వాత శబ్దం లేదు.

యథాతథం గారు అప్పుడు నా బల్ల పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నారు. గోదాములో పనుండదు కాబట్టి ఆ వేళకు వచ్చి కూర్చుంటారు.

"ఎవడమ్మా వీడు?" అన్నాడు డ్రైవరు నాతో. "ఒక్క నిమిషం నోరు మూసుకోలేకపోయాడా? నా బిడ్డ ఆఖరి మాటమ్మా అది."

నేను కంప్యూటరు వైపు తిరిగాను. ఏదైనా కొట్టాలి కదా అని చేతులు మీటల మీద పెట్టాను.

"నేనే నాయనా" అన్నారు యథాతథం గారు.

డ్రైవరు ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. కొడతాడనుకుని లేచాను. కొట్టలేదు. ఫోను తీసుకుని ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. కుర్రాడు చేతులు జోడించిన చోట బొమ్మ ఆపి, ఆయన మొహం దగ్గర పెట్టాడు.

"అయితే మీకు తెలిసుంటది గదా సార్. ఏమన్నాడు మావాడు?"

"నేను వినలేదు నాయనా" అన్నారు. చాలా తొందరగా అన్నారు.